బడి వెబ్‌సైట్‌లో ఏమేమి ఉండాలి? – మన జిల్లా తెలుగు తల్లిదండ్రుల కోసం

ప్రతి ఏటా వేసవి వచ్చిందంటే మా సంఘం గదికి వచ్చేవారిలో సగం మంది బడుల సంగతే అడుగుతారు. ఏ బడి మంచిదో మేము చెప్పము, అది మా పని కాదు. బడి గురించిన ఏ కాగితం ఎక్కడ చూడాలో, దాన్ని ఎలా చదవాలో మాత్రం చెప్పగలము. అందుకే ఈ వ్యాసం. దాచుకుని, చేరికల సమయంలో తీసి చూసుకోవాలని మనవి.

ఇంత శ్రద్ధ ఎందుకంటే, ఒక సంగతి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం సింధనూరు వైపు క్యాంపు నుంచి ఒక పెద్దాయన మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చారు. బడి బోర్డు మీద సి.బి.ఎస్.ఇ. అని పెద్ద అక్షరాలు ఉన్నాయి. పిల్ల తొమ్మిదికి వచ్చి, బోర్డులో పేరు నమోదు చేయాల్సినప్పుడు గానీ అసలు విషయం బయటపడలేదు. ఆ బడికి అనుమతి ఎనిమిదో తరగతి వరకే. పేరు వేరే ఊరి బడి తరఫున పంపుతామన్నారట. చివరకు ఆ పిల్ల నడి సంవత్సరంలో బడి మారవలసి వచ్చింది. అనుబంధ పత్రం ఒక్కటి ముందే చదివి ఉంటే చేరిన రోజే తెలిసేది. ఇది మన ఒక్క జిల్లా కథ కాదు. 2023 జనవరిలో బెంగళూరులో కూడా, సి.బి.ఎస్.ఇ. అనుకున్న తమ బడికి ఉన్నది రాష్ట్ర సిలబస్ గుర్తింపేనని తెలిసి తల్లిదండ్రులు ఆందోళనకు దిగారు.

సి.బి.ఎస్.ఇ. బడులు

ఈ బోర్డు బడులన్నీ తమ వెబ్‌సైట్‌లో "మాండేటరీ పబ్లిక్ డిస్‌క్లోజర్" అనే పేజీ పెట్టి తీరాలి. బోర్డు 2018 నాటి అనుబంధ నియమావళిలోనే బడికి సొంత వెబ్‌సైట్ ఉండాలని ఉంది. 2021లో ఏ వివరాలు ఏ వరుసలో ఇవ్వాలో నమూనా కూడా ఇచ్చారు. ప్రైవేటు బడులకే కాదు, ముద్గల్‌లోని జవహర్ నవోదయ విద్యాలయానికీ, రాయచూరు కేంద్రీయ విద్యాలయానికీ ఇదే నమూనా. అందులో ఐదు భాగాలు ఉంటాయి.

1. సాధారణ వివరాలు: బడి పేరు, అనుబంధ సంఖ్య, స్కూల్ కోడ్, పిన్‌కోడ్‌తో చిరునామా, ప్రిన్సిపాల్ పేరు, అర్హతలు, ఈ-మెయిల్, ఫోను.

2. పత్రాలు: అనుబంధ పత్రం, దాని తాజా పొడిగింపు, ట్రస్టు లేక సొసైటీ రిజిస్ట్రేషన్, రాష్ట్ర ప్రభుత్వ నిరభ్యంతర పత్రం, విద్యాహక్కు చట్టం కింద గుర్తింపు పత్రం, భవన భద్రత, అగ్నిమాపక భద్రత, నీరు–పారిశుద్ధ్య ధ్రువపత్రాలు.

3. చదువు, ఫలితాలు: ఫీజుల పట్టిక, వార్షిక క్యాలెండర్, యాజమాన్య సమితి సభ్యుల జాబితా, తల్లిదండ్రుల సంఘం జాబితా, గత మూడేళ్ల బోర్డు ఫలితాలు.

4. ఉపాధ్యాయులు: ఏ స్థాయికి ఎంతమంది, ఒక్కో సెక్షన్‌కు ఎంతమంది, ప్రత్యేక అవసరాల పిల్లల టీచరు, కౌన్సిలర్ ఉన్నారా అన్నది.

5. వసతులు: స్థలం విస్తీర్ణం, తరగతి గదులు, ప్రయోగశాలల సంఖ్య, కొలతలు, ఆడపిల్లలకు, మగపిల్లలకు వేర్వేరుగా మరుగుదొడ్ల సంఖ్య, బడి వసతులు చూపే తనిఖీ వీడియో లింకు.

వీటిని ఎలా చదవాలి?

మేము జీవితమంతా ఫైళ్ల మధ్య గడిపినవాళ్లం. మా అనుభవంలో కాగితం ఉందా లేదా అన్నదాని కన్నా దాని మీద తేదీ ఏమిటన్నదే ముఖ్యం. అనుబంధ పత్రంలో మూడు సంగతులు చూడండి: ఏ తరగతి వరకు అనుమతి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ చిరునామాకు. ఒక ట్రస్టుకు మూడు ఊళ్లలో బడులుంటే ఒక ఊరి పత్రం ఇంకో ఊరికి పనికిరాదు. మన రాష్ట్రంలో ప్రైవేటు బడుల అనుబంధ సంఖ్యలు సాధారణంగా 83తో మొదలవుతాయి. ఆ సంఖ్యను బోర్డు సొంత వెబ్‌సైట్‌లో కొట్టి సరిచూసుకోండి. బడి పెట్టిన కాగితం కన్నా బోర్డు చూపే వివరమే ప్రమాణం.

భవన, అగ్ని భద్రత పత్రాలకు గడువు ఉంటుంది. గడువు దాటినవి ఉంటే అడగండి. ఉపాధ్యాయుల సంఖ్యను సెక్షన్ల సంఖ్యతో భాగించి చూడండి. బోర్డు నియమం సెక్షన్‌కు ఒకటిన్నర మంది. ఫలితాల్లో శాతం ఒక్కటే చూడవద్దు, ఎంతమంది రాశారో చూడండి. పదిమంది రాస్తే వందశాతం రావడం వేరు, వందమంది రాస్తే రావడం వేరు.

కొన్ని పత్రాలు కన్నడంలో ఉంటాయి. "మాన్యతె" అంటే గుర్తింపు, "నిరాక్షేపణా పత్ర" అంటే నిరభ్యంతర పత్రం, "శుల్క" అంటే ఫీజు.

రాష్ట్ర సిలబస్ ప్రైవేటు బడులు

వీటికి కర్ణాటక విద్యా చట్టం, 1983 వర్తిస్తుంది. ఇది అమలులోకి వచ్చింది 1995లో. రిజిస్ట్రేషన్ వేరు, గుర్తింపు వేరు, రెండూ ఉండాలి. గుర్తింపు లేకుండా బడి నడిపితే విద్యాహక్కు చట్టం 18వ సెక్షన్ కింద లక్ష రూపాయల వరకు జరిమానా, ఆపైన రోజుకు 10,000 వరకు పడుతుంది. డొనేషన్ అడగడం, పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ ప్రవేశ పరీక్ష పెట్టడం 13వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం.

ప్రభుత్వ, ఎయిడెడ్ బడులు

వీటికి సమాచార హక్కు చట్టం, 2005 ఉంది. నాలుగో సెక్షన్ ప్రకారం 17 రకాల వివరాలు ఎవరూ అడగకముందే తమంతట తామే ప్రకటించాలి. సిబ్బంది, జీతాలు, బడ్జెట్, సమాచార అధికారి పేరు అందులోనివే. చిన్న ఊరి బడికి సొంత వెబ్‌సైట్ ఉండకపోవచ్చు. అలాంటప్పుడు కేంద్రం నడిపే యుడైస్ ప్లస్‌లో చూడవచ్చు. ప్రతి బడికి 11 అంకెల కోడ్ ఉంటుంది. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, మన కర్ణాటకకు 29. గదులు, టీచర్లు, మరుగుదొడ్లు, బోధనా మాధ్యమం అక్కడ తెలుస్తాయి.

మన భాష సంగతి

తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లతో క్యాంపులు వెలిసినప్పుడు వచ్చిన కుటుంబాలు కొన్ని. అంతకు ముందే, ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రంలో ఉన్ననాటి నుంచీ ఉన్నవి కొన్ని. పిల్లలకు తెలుగు కావాలనుకునేవారు బడి ఏ మాధ్యమంలో ఏ భాషలు చెబుతుందో ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఎస్.ఎస్.ఎల్.సి.లో తెలుగును ప్రథమ భాషగా రాసే వీలు ఉంది. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు రాజ్యాంగం 350ఎ అధికరణం ఆధారం. కన్నడం మాత్రం 2015 నాటి చట్టం ప్రకారం అన్ని బడుల్లోనూ, సి.బి.ఎస్.ఇ. సహా, మొదటి లేక రెండో భాషగా చెప్పాలి. ఈ నేల భాష నేర్వడం మన పిల్లలకు లాభమే.

అల్పసంఖ్యాకుల బడులకు విద్యాహక్కు చట్టం వర్తించదని 2014 మే 6న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అంతమాత్రాన అలాంటి బడి ఏ వివరమూ చెప్పనక్కరలేదని కాదు. సి.బి.ఎస్.ఇ. అనుబంధం తీసుకుంటే ఆ బోర్డు నమూనా ప్రకారం ప్రకటించవలసిందే. మన భాషవారి బడి అయినా సరే, కాగితాలు అడగడానికి మొహమాటపడవద్దు.

వివరాలు లేకపోతే?

మొదట ప్రిన్సిపాల్‌కు మర్యాదగా ఉత్తరం రాసి, నకలుపై ముట్టినట్టు సంతకం తీసుకోండి. జవాబు రాకుంటే తాలూకా బి.ఇ.ఓ. కచేరీకి, తర్వాత రాయచూరులోని డి.డి.పి.ఐ. కచేరీకి వెళ్లండి. జిల్లాధికారి అధ్యక్షతన జిల్లా విద్యా నియంత్రణ ప్రాధికారం ఉంది. సి.బి.ఎస్.ఇ. బడి అయితే బెంగళూరులోని ప్రాంతీయ కార్యాలయానికి రాయవచ్చు.

సమాచార హక్కు దరఖాస్తుకు రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు. మన రాష్ట్ర కచేరీలకు రాసేటప్పుడు ఒక దరఖాస్తులో ఒకే విషయం, 150 పదాలు దాటకుండా రాయాలి. ఈ నియమం తెలియక చాలామంది దరఖాస్తులు తిరిగి వస్తాయి.

రాయడం రానివారు, ఫోనులో వెతకడం తెలియనివారు మా సంఘం గదికి రండి. బడి పేరు, ఊరు చెబితే చాలు, పక్కన కూర్చుని చూపిస్తాము. ఫీజు కట్టక ముందే రావాలని మాత్రం మనవి. కట్టిన తర్వాత కాగితం చూసి బాధపడే తల్లిదండ్రులను మేము ఇప్పటికే చాలామందిని చూశాము.