జరీపోగు నుండి విద్యుద్వస్త్రం వరకు

జరీ అనగానే తెలుగువారి మనసులో మెదిలేది పెళ్ళిపీటలు, పట్టుచీర అంచు. ఆ అంచు విద్యుత్తుకు దారి కాగలదన్న ఊహ మగ్గం ముందు కూర్చున్నవారికి గాని, చీర కట్టినవారికి గాని కలుగవలసిన అవసరం ఏనాడూ రాలేదు.

జరీ నిర్మాణాన్ని పరిశీలిస్తే విషయం బోధపడుతుంది. వెండిని సన్నని తీగగా సాగదీసి, చదును చేసి, పట్టుదారం చుట్టూ దగ్గరదగ్గరగా చుట్టి, పైన బంగారు పూత పూస్తారు. ఈ పనిలో సూరత్ నగరానికి పేరు. ఆ జరీని మగ్గానికెక్కించిన కాంచీపురం నేతవారిలో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. లోహాలన్నింటిలోను విద్యుత్తును మిక్కిలి సులభంగా ప్రసరింపజేసేది వెండి. లోపలి దారం బలాన్నిస్తే, పైని లోహం విద్యుత్తుకు దారి ఇస్తుంది. పాతకాలపు టెలిఫోనులో చేతితో పట్టుకొనే భాగానికి వేలాడిన మెత్తని తీగలోనూ ఇదే పద్ధతి: దారం చుట్టూ పలుచని లోహపు రేకు.

1997లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ మీడియా ప్రయోగశాలలో రెహ్మి పోస్ట్, మ్యాగీ ఓర్త్ గుడ్డతోనే విద్యుత్ వలయాలను నిర్మించ పూనుకొన్నారు. వారు మొదట పరీక్షించిన వస్త్రం పట్టు ఆర్గంజా. దాని పడుగు వట్టి పట్టు; పేక రాగి రేకు చుట్టిన పట్టు. పేకపోగులు ఒకదానికొకటి తగలక ఎడంగా ఉన్నందున ప్రతి పోగూ విడి తీగవలె పనిచేసింది. మామూలు జీన్సు కోటుపై ఉక్కు కలిసిన దారంతో మీటలను కుట్టి, వ్రేలు తాకితే సంగీతం పలికేటట్లు కూడ వారి బృందం చేసి చూపింది.

ఇంతమాత్రాన అన్నీ మనవద్దనే ఉండెనని చాటుకొనుట తొందరపాటు. నేతవారెరిగినది లోహాన్ని తెగకుండా దారంవలె వంచు విద్య, విద్యుత్తునెరిగినవారు వేరు. మన దేశంలో ఆ ఇరువురినీ ఒకచోట కూర్చుండబెట్టినవారు అరుదు. లోటు అక్కడ ఉన్నది.

వస్త్రం ఒంటిని అంటియుండేది కనుక వైద్యం దీనిని ఎక్కువగా కోరింది. 1903 ప్రాంతంలో హాలండులోని లైడెన్ నగరంలో ఐంథోవెన్ గుండె స్పందనను నమోదు చేసినప్పుడు, రోగి రెండు చేతులను, ఒక కాలిని ఉప్పునీటి పాత్రలలో ఉంచవలసి వచ్చేది. ఆయన యంత్రపు ప్రాణమంతా వెండి పూసిన ఒక క్వార్ట్జ్ దారంలో ఉండెననుట ఇక్కడ స్మరింపదగినది. తర్వాతి కాలంలో పాత్రలు పోయి, జిగురుతో అంటించే ఎలక్ట్రోడులు వచ్చాయి. 1996లో జార్జియా టెక్ సంస్థలో సుందరేశన్ జయరామన్ బృందం సైనికుల కొరకు తీగలను నేతలోనే ఇమిడ్చిన చొక్కాపై పని ప్రారంభించింది.

నేడు వెండి పూసిన నైలాను దారంతో అల్లిన గుడ్డ ఎలక్ట్రోడులు గుండె చప్పుడును లెక్కింపగలుగుతున్నాయి. అయితే చర్మం పొడిగా ఉంటే సంకేతం క్షీణిస్తుంది. కొద్దిపాటి చెమట ఉప్పునీటి పాత్ర పని చేసిపెడుతుంది. మనిషి కదిలితే గుడ్డ జారి, గీత చెదురుతుంది. అన్నిటికంటె కష్టం ఉతుకు. ఉతికిన కొద్దీ వెండి పూత అరిగిపోతుంది. గాలిలోని గంధకపు వాయువులకు నల్లబడుతుంది. జరీచీరను నీట ముంచక, మెత్తని నూలుగుడ్డలో చుట్టి, అప్పుడప్పుడు మడత మార్చి పెట్టెలో దాచే ఇల్లాలికి ఈ చిక్కు కొత్తది కాదు. కాని రోజంతా రోగి ఒంటిపై తడిసిన చొక్కాను పెట్టెలో దాచుటకు వీలులేదు.