మిరుగం ఆకాశంలో ఎక్కడున్నది?



వేసవి దుక్కులు ముగిసి, ఎరువు తోలడం కూడా ఐపోయినాక జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో ఏ చెట్టు కింద నలుగురు కూర్చున్నా వినిపించే మాట ఒకటే: "మిరుగం ఎప్పుడు?" పంచాంగం చూసినవారు జూన్ 7 అనో, 8 అనో చెప్తారు. ఆనాడు చేపలు వండుకుంటాము. ఇంగువ, బెల్లం కలిపి నోట్లో వేసుకుంటాము. కొందరు అదే రోజున విత్తనాల సంచి కూడా విప్పుతారు. చేపల మీద నాకేమీ అభ్యంతరం లేదు. విత్తనాల సంచి గురించే కొంచెం మాట్లాడుకోవాలి. అంతకు ముందు ఈ మిరుగం, అంటే మృగశిర కార్తె, ఎక్కడిదో, ఎట్లా ఏర్పడిందో తెలుసుకుందాము.

సూర్యుడు ఏడాది పొడవునా ఆకాశంలో ఒకే బాట వెంట నడుస్తున్నట్టు మనకు కనిపిస్తాడు. నిజానికి తిరిగేది మన భూమి. బస్సులో కూర్చున్నవానికి చెట్లు వెనక్కు పోతున్నట్టు తోస్తుంది గదా, ఇదీ అంతే. ఆ బాటను మన పెద్దలు 27 సమాన భాగాలు చేసి, ఒక్కొక్క భాగానికి అక్కడున్న నక్షత్రం పేరు పెట్టినారు. ఒక్కొక్క భాగం దాటడానికి సూర్యునికి 13 లేదా 14 రోజులు పడుతుంది. అదే కార్తె. మే చివరి వారం నుంచి రోహిణి, జూన్ 8 ప్రాంతం నుంచి మృగశిర, జూన్ 22 ప్రాంతం నుంచి ఆరుద్ర. తిథులు, పండుగలు చంద్రుని మీద ఆధారపడి ఏటేటా ముందుకూ వెనక్కూ జరుగుతాయి. కార్తెలు సూర్యుని లెక్క కాబట్టి ఇంచుమించు అదే తేదీకి వస్తాయి. సేద్యానికి చంద్రుని లెక్కను కాక సూర్యుని లెక్కను పట్టుకున్న మన తాతముత్తాతల తెలివిని మెచ్చుకోవలసిందే.

ఇప్పుడొక ప్రశ్న. మృగశిర కార్తెలో రాత్రి బయటికి వచ్చి చూస్తే మృగశిర నక్షత్రం కనిపిస్తుందా? కనిపించదు. ఆ నక్షత్రం దగ్గర సూర్యుడే ఉన్నాడు. అతనితోనే ఉదయించి, అతనితోనే అస్తమిస్తుంది. దాన్ని చూడాలంటే చలికాలంలో, పుష్య మాసం రాత్రులలో చూడాలి. వరుసగా మూడు చుక్కలు, చుట్టూ నాలుగు పెద్ద చుక్కలు ఉన్న గుంపును కొన్ని పల్లెల్లో గొర్రుకొయ్యలు అంటారు. ఆ గుంపు తలభాగంలోని సన్నని చుక్కలే మృగశిర. భుజం మీద ఎర్రగా మెరిసేది ఆరుద్ర. కొంచెం పడమరగా మరొక ఎర్రని చుక్క రోహిణి. దానికి ముందు గుత్తిగా ఉన్న పిల్లలకోడి మీకు తెలిసిందే, అది కృత్తిక.

మరి కనిపించని నక్షత్రం దగ్గర సూర్యుడున్నాడని పూర్వం వారికి ఎట్లా తెలిసింది? ఒక దారి, తెల్లవారుజామున సూర్యునికి ముందుగా ఏ చుక్క పొడుస్తున్నదో చూడడం. రెండో దారి పున్నమి. నిండు చంద్రుడు ఎప్పుడూ సూర్యునికి సరిగ్గా ఎదుటి దిక్కున ఉంటాడు. మన మాసాల పేర్లు అట్లా వచ్చినవే. చిత్త దగ్గర చంద్రుడు నిండితే చైత్రం, విశాఖ దగ్గర నిండితే వైశాఖం, జ్యేష్ఠ దగ్గర నిండితే జ్యేష్ఠం. జ్యేష్ఠ పున్నమి అంటే మనకు ఏరువాక పున్నమి. ఆ రాత్రి చంద్రుని పరిసరాలలో దక్షిణాన ఎర్రగా మెరిసే చుక్క కోసం వెతకండి, అదే జ్యేష్ఠ. చంద్రుడు అక్కడుంటే సూర్యుడు ఎదుటి వైపున రోహిణి, మృగశిరల దగ్గర ఉన్నట్టే. ఎడ్లకు రంగులు పూసి, నాగలికి పూజ చేసే ఆ పున్నమి వెనుక ఇంత లెక్క ఉన్నది.

నక్షత్రాలు ఒకదానికొకటి దూరం మారకుండా నిలుస్తాయి. వాటి మధ్య నడిచేవి గ్రహాలు. వేగుచుక్కగా కనిపించే శుక్రుడు, బుధుడు సూర్యుని విడిచి ఎక్కువ దూరం పోరు. వారి బాటలు మన బాటకు లోపల ఉన్నాయి. గురుడు బయటి బాటలో నిదానంగా నడుస్తాడు. ఆయన ఒక చుట్టు తిరగడానికి 12 ఏండ్లకు కొంచెం తక్కువ పడుతుంది. ఆయన సింహరాశిలో అడుగుపెడితే గోదావరికి పుష్కరాలు. జగిత్యాల జిల్లా ధర్మపురి రేవు జనంతో నిండిపోతుంది. 2003లో పుష్కరాలు జులై 30న మొదలైనాయి, 2015లో జులై 14న. పన్నెండేండ్లు నిండకముందే గురుడు వచ్చేస్తున్నాడని ఈ తేదీలే చెప్తున్నాయి. గురుడు ఒక్కోసారి వెనక్కు నడుస్తున్నట్టు కూడా కనిపిస్తాడు. దాన్ని వక్రగతి అంటారు. మన బస్సు బండిని దాటిపోయేటప్పుడు దూరపు గుట్టల ముందు ఆ బండి వెనక్కు జారినట్టు తోస్తుంది, అంతకంటే వేరే వింత లేదు.

ఇక అసలు సంగతికి వస్తున్నాను. భూమి బొంగరం వంటిది. తిరిగే బొంగరం తల ఎట్లా మెల్లగా చుట్టు తిరుగుతుందో, భూమి ఇరుసు కూడా అట్లే తిరుగుతుంది. ఒక చుట్టుకు సుమారు 26 వేల ఏండ్లు. దీనివల్ల ఋతువులకూ నక్షత్రాలకూ మధ్య పొత్తు నెమ్మదిగా తప్పిపోతుంది, 71 లేదా 72 ఏండ్లకు ఒక రోజు చొప్పున. గ్రీసు దేశంలో హిప్పార్కస్ అనే ఆయన క్రీస్తు పూర్వం రెండో శతాబ్దంలోనే దీన్ని గుర్తించినాడు. మన దేశంలో ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు, పాత శాస్త్రాలలో దక్షిణాయనం ఆశ్లేష నడుమ మొదలవుతుందని ఉన్నా, తన కాలంలో కర్కాటకం మొదట్లోనే, అంటే పునర్వసు చివరి పాదంలోనే, మొదలవుతున్నదని రాసినాడు. ఇప్పుడు అది జూన్ 21న, ఇంకా ఆరుద్ర కార్తె ప్రవేశించకముందే మొదలవుతున్నది.

మీ ఇంటి పంచాంగంలోనే దీనికి సాక్ష్యం ఉన్నది. పొద్దు ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 22 ప్రాంతంలో. మనం ఉత్తరాయణ పుణ్యకాలమని మకర సంక్రాంతి జరుపుకునేది జనవరి 14న, ఒక్కోసారి 15న. నడుమ 23 రోజుల తేడా. వివేకానందుడు 1863 జనవరి 12న, సరిగ్గా సంక్రాంతి నాడు పుట్టినాడు. అప్పటికీ ఇప్పటికీ సంక్రాంతి జరిగిందని వేరే చెప్పనక్కరలేదు. ఈ చిక్కును సరిచేయాలనే 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘం ఏర్పడింది. దాని సిఫారసు మీద 1957 మార్చి 22 నుంచి జాతీయ పంచాంగం అమలులోకి వచ్చింది. ప్రభుత్వ గెజిట్లలో, రేడియోలో ఆ తేదీలు చెప్పినారుగాని పల్లెలో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. అది సంఘం తప్పూ కాదు, పల్లె తప్పూ కాదు; పండుగ తేదీని లెక్క ఒక్కటే మార్చలేదు.

మన హైదరాబాదు కూడా ఈ కథలో ఉన్నది. నవాబు జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండ దగ్గర 15 అంగుళాల దూరదర్శినితో ఒక వేధశాల పెట్టినాడు. 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకొని తర్వాత బేగంపేటకు మార్చింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. ప్రపంచంలోని వేధశాలలు ఆకాశాన్ని పాళ్లు పంచుకొని ఫోటోలు తీసి నక్షత్రాల పట్టికలు రాసుకున్నప్పుడు, ఒక పాలు నిజామియా వేధశాలకు వచ్చింది. టి.పి. భాస్కరన్ డైరెక్టరుగా ఉన్న కాలంలో ఆ పని చాలా భాగం సాగింది. లక్షల చుక్కల స్థానాలు కొలిచి అచ్చు వేసినారు. జగిత్యాల, సిరిసిల్లలు ఆ రాజ్యంలోవే. మన మీది ఆకాశానికి మన రాజధానిలోనే కొలత పట్టిందన్న మాట, ఇది మన పిల్లలకు బడిలో చెప్పదగ్గ ముచ్చట.

ఈ జరుగుడు వల్ల మనకేమి? వరాహమిహిరుని కాలంలో మృగశిర కార్తె ఇప్పటి లెక్కలో మే నెల నడుమ వచ్చేది. అప్పుడు మిరుగం అంటే మండుటెండ! వానను తెచ్చేది నక్షత్రం కాదు. సూర్యుడు ఉత్తరాన ఎత్తుకు రావడం, నేల కాగడం, సముద్రం మీదినుంచి గాలి మళ్లడం, ఇవి తెచ్చేవి. అవి ఇరుసు వాలును బట్టి నడుస్తాయి, చుక్కలను బట్టి కాదు. రోహిణిలో రోళ్లు పగులుతాయి, మిరుగంలో చినుకు పడుతుంది అనే మాటలు నేటికి సరిపోతున్నాయంటే, అవి వరాహమిహిరుని నాటివి కావు. అనుభవం చూసి తర్వాతి తరాల రైతులే కుదుర్చుకున్నవి అయి ఉండాలని నా అభిప్రాయం. అంటే మన పూర్వులు కార్తెను గుడ్డిగా పట్టుకొని కూర్చోలేదు.

ఒక మనిషి జీవితంలో జరిగేది ఒక్క రోజే కాబట్టి కార్తె తేదీని చూసి దుక్కులు, విత్తనాలు, ఎరువులు సిద్ధం చేసుకోండి. విత్తడం మాత్రం నేలను అడిగి చేయండి. మృగశిర నాడు ఒక జల్లు పడిందని పత్తి, మక్క పెడితే, పది పన్నెండు రోజులు వాన ముఖం చాటేస్తే మొలక మాడుతుంది. మళ్లీ విత్తనం కొనాలి, మళ్లీ కూలి ఇవ్వాలి. కోరుట్ల వైపు బావులు, కాలువ ఉన్నవారు పసుపుకూ వరికీ ఎట్లానో తడి అందిస్తారు. సిరిసిల్ల వైపు మెట్ట చెల్కల వారికి ఆ వీలు లేదు. 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడిన తర్వాతే వానాధారపు పత్తి పెట్టండి. చెల్కకు 60 చాలు, రేగడికి 75 కావాలి. కొలత పరికరం లేకపోతే, నిలువు గోడలున్న డబ్బా ఒకటి చెట్టు, ఇల్లు అడ్డం లేని చోట పెట్టండి. ప్రతి పొద్దున అందులోని నీటి లోతును పిల్లల స్కేలుతో కొలిచి, రాసుకొని, పారబోయండి. రెండు మూడు రోజుల వానలు కలిపి రెండున్నర అంగుళాలు దాటినాయా, చెల్కలో ఇక విత్తవచ్చు. రేగడి అయితే మూడు అంగుళాల దాకా ఆగండి.