గ్రంథి మొత్తమా, కణితి మేరకేనా?

ప్రొస్టేట్ క్యాన్సర్ వైద్యం శతాబ్దం పాటు ఒకే నమ్మకం మీద నడిచింది: క్యాన్సర్ ఎక్కడ దాగుందో తెలియనప్పుడు గ్రంథి అంతా తీసేయడమే క్షేమం. 1904లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హ్యూ హాంప్టన్ యంగ్ ఈ ఆపరేషన్ చేసినప్పుడు ఆయనకు సహాయకుడిగా నిలిచినవారు విలియం హాల్‌స్టెడ్. రొమ్ము క్యాన్సర్‌కు రొమ్మంతా తొలగించే పద్ధతికి పేరుపడ్డ సర్జన్ ఆయనే. ప్రాణం దక్కితే చాలనుకున్న ఆ రోజుల్లో మూత్రం ఆపుకోలేకపోవడం, దాంపత్య జీవితం దెబ్బతినడం తప్పని మూల్యాలే అయ్యాయి. 1982లో అదే ఆసుపత్రిలో ప్యాట్రిక్ వాల్ష్ అంగస్తంభన నరాలను తప్పించి కోయడంతో, బతుకు నాణ్యత కూడా వైద్యుడి లెక్కలోకి వచ్చింది.

ఆ దశాబ్దంలోనే ఇటలీలో సర్జన్ వెరొనేసి, అమెరికాలో సర్జన్ ఫిషర్ జరిపిన పరీక్షలు రొమ్ములో కణితి మేరకు తీసి రేడియేషన్ ఇచ్చినా ఆయుష్షు తగ్గదని నిరూపించాయి. ప్రొస్టేట్ ఆ దారి పట్టలేకపోవడానికి కారణం సర్జన్ల మొండితనం కాదు, కణితి కనిపించకపోవడం. అల్ట్రాసౌండ్ గ్రంథిని చూపేది కానీ కణితిని సరిగా చూపేది కాదు. బయాప్సీ సూదులు గుడ్డిగా దిగేవి. ఈలోగా పీఎస్ఏ రక్తపరీక్ష వచ్చి, ఎన్నడూ ప్రాణం తీయని చిన్న క్యాన్సర్లను కూడా బయటపెట్టింది. బ్రిటన్‌లో 1,643 మందిపై జరిగిన ప్రొటెక్ట్ పరీక్షలో నిఘా (వెంటనే చికిత్స చేయకుండా గమనిస్తూ ఉండటం), ఆపరేషన్, రేడియేషన్‌లలో ఏది అందినా, పదిహేనేళ్లలో ఈ క్యాన్సర్‌తో చనిపోయినవారు నూటికి ముగ్గురే. ఆపరేషన్ వర్గంలో మాత్రం ఆరు నెలలకు 46 శాతం, ఆరేళ్లకు 17 శాతం మంది మూత్రం ఆగక ప్యాడ్లు వాడారు.

ఎమ్మారై ఈ చీకటిని తొలగించింది. 2017 నాటి ప్రామిస్ పరీక్షలో ముఖ్యమైన క్యాన్సర్లలో 93 శాతాన్ని అది పట్టుకోగా, పాత బయాప్సీ 48 శాతమే పట్టింది. కనిపించినదాన్ని కాల్చే శబ్ద తరంగాలు (హైఫు), గడ్డకట్టించే క్రయో పద్ధతి అప్పటికే ఉన్నాయి. 2018లో బ్రిటన్ వైద్యులు కణితి మేరకే హైఫు ఇచ్చిన 625 మంది ఫలితాలు ప్రకటించారు. అయిదేళ్లకు 88 శాతం మందికి మొత్తం గ్రంథి చికిత్స అవసరపడలేదు, వ్యాధి పాకలేదు. 98 శాతం మందికి ప్యాడ్ల అవసరం రాలేదు.

అభ్యంతరాలు బలమైనవే. ప్రొస్టేట్‌లో క్యాన్సర్ తరచు పలుచోట్ల ఉంటుంది, ఒకటి కాల్చితే మిగతావి? వ్యాపించిన క్యాన్సర్ సాధారణంగా ఒకే తొలి క్యాన్సర్ కణం నుంచి పుడుతుందని 2009 నాటి జన్యు అధ్యయనం తేల్చింది కనుక, ప్రధాన కణితిని అదుపు చేయడంలో అర్థం ఉంది. అయితే 2013లో చిన్న కణితే ప్రాణం తీసిన ఉదంతం బయటపడింది కాబట్టి జీవితాంతం పరీక్షలు తప్పవు. తక్కువ ముప్పు ఉన్నవారికి నిఘా చాలుననే వాదనా నిజమే. అందుకే కణితిని కాంతితో నాశనం చేసే చికిత్సను 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సలహా సంఘం తిరస్కరించింది. మరణాల లెక్కలో కణితి మేరకే చేసే చికిత్స ఆపరేషన్‌తో సరితూగుతుందని నిరూపించే దీర్ఘకాల పరీక్షలు ఇంకా లేవు. కాబట్టి పాక్షిక చికిత్స అందరికీ కాదు. ఎమ్మారైలో స్పష్టంగా కనిపించే, మధ్యస్థ ముప్పున్న, గ్రంథిలో ఒకవైపే పరిమితమైన కణితి ఉన్నవారికి, నిరంతర పర్యవేక్షణ షరతుతోనే అది తగినది.