పాపన్న అడిగిన చివరి కల్లు

ఆగస్టు 18 సర్దార్ సర్వాయి పాపన్న జయంతి. ఏటా ఈ రోజుల్లో సిద్దిపేట జిల్లా కూడళ్లలో విగ్రహాలకు దండలు పడతాయి, గుర్రం మీద కత్తి దూసిన బొమ్మతో ఫ్లెక్సీలు లేస్తాయి. ఉపన్యాసాలన్నీ కోటల మీద, దాడుల మీద. నాకు మాత్రం ఆయన కథలో అన్నిటికన్నా ముఖ్యమైన చోటు ఒక కల్లు మండువ.

ఈ ప్రాంతంలో చెరువూ కల్లూ పక్కపక్కనే పెరిగాయి. కట్ట కింద ఊట తగిలే నేలలో ఈతవనాలు, పొలం గట్ల మీద తాళ్లు. చెట్టు ఉన్న చోటికే గీసేవాళ్లు, అమ్మేవాళ్లు, తాగేవాళ్లు చేరారు. కాకతీయుల నాటి శాసనాలు చెరువు తవ్వించిన వాళ్ల పేర్లు చెబుతాయి, దానమిచ్చిన మడుల లెక్క చెబుతాయి. పొద్దుగూకాక ఆ కట్ట కింద కూర్చున్న వాళ్ల ఊసు ఎత్తవు. బహమనీలు, కుతుబ్‌షాహీలు వచ్చి వెళ్లారు. 1687లో గోల్కొండ మొఘలుల చేతికి పోయింది. ఆ తర్వాతే మండువ చరిత్రకెక్కింది, అదీ పాపన్న వల్లే.

పాపన్న గౌడ కులంలో పుట్టాడు. గీత పనిముట్లు మోకు, ముస్తాదు వదిలి మనుషుల్ని కూడగట్టాడు, ఇప్పటి జనగామ జిల్లాలోని షాపురంలో కోట కట్టాడు. 1708లో ఓరుగల్లును, ఆ వెంటనే భువనగిరిని కొల్లగొట్టాడు. 1709లో బహదూర్ షా హైదరాబాద్ వచ్చినప్పుడు పద్నాలుగు లక్షల రూపాయలు నజరానాగా సమర్పించి, దర్బారులో గౌరవ వస్త్రంగా ఖిల్లత్ అందుకున్నాడు. గీత వృత్తిలో పుట్టిన మనిషికి పాదుషా చేతి మీదుగా దక్కిన ఆ గౌరవాన్ని నగరంలోని పెద్దలు సహించలేదు. మొఘల్ సైన్యం కదిలింది.

చివరి ఘట్టం చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాసినందువల్ల మిగిలింది. ముట్టడిలో మందుగుండు అయిపోయింది. పాపన్న తన చెప్పుల్నీ హుక్కానూ కోట గుమ్మం ఒకదాని దగ్గర వదిలి, శత్రువు అటే వెతుకుతుండగా మరో దారిన జారుకున్నాడు. కాలికి గాయంతో, మారువేషంలో హసనాబాద్ చేరాడు. ఆయనే నిలిపిన ఊరది. నేటి హుస్నాబాద్ అదేనని ఇక్కడివాళ్ల నమ్మకం, నాదీ అదే. అక్కడ ఒక గౌడు దగ్గర ఆగి కల్లు అడిగాడు. వచ్చినవాడి తీరు చూసి గౌడు పోల్చుకున్నాడు. ఉండు, మంచి కల్లు తెస్తానని చెప్పి వెళ్లాడు. వచ్చింది కల్లు కాదు, పాపన్న ఒకప్పుడు చెరలో పెట్టిన సొంత బావమరిది, వెంట సైనికులు. 1710లో ఆ కథ ముగిసింది.

ఈ ఘట్టం చదివిన ప్రతిసారీ నా మనసు ఆ మండువ దగ్గరే ఆగిపోతుంది. ఎందుకంటే అదెలా ఉండి ఉంటుందో ఇక్కడ పుట్టినవాళ్లకు తెలుసు. గౌడన్న లొట్టి వంచుతాడు. మనం గొంతుక్కూర్చొని తాటాకు దొప్పను రెండు చేతులా పట్టి నోటికి ఆనిస్తాం. నురగ మీద తేలే తేనెటీగను పక్కకు ఊదుకొని తాగుతాం. పక్కన ఉడికించిన గింజల గుడాలు. తలెత్తితే పోసేవాడి కళ్లలో కళ్లు పడతాయి. ఏ ఊరు, ఎవరి కొడుకు అన్న మాట వెంటనే వస్తుంది. అలాంటి చోట మారువేషం ఎంతసేపు నిలుస్తుంది? కల్లు గీసే ఇంట పుట్టిన పాపన్నకు ఆ సంగతి తెలియకపోదు. అయినా ఆగాడు. దాహం అంతటిది, తనవాళ్లన్న నమ్మకం అంతటిది. జానపదులు ఈ ముగింపును ఒప్పుకోలేదు. వాళ్ల పాటలో పాపన్న శత్రువుకు చిక్కకుండా తన ప్రాణం తానే తీసుకుంటాడు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది.

తర్వాత నిజాం కాలంలో ఆబ్కారీ గుత్తలొచ్చాయి, చెట్టుకు పన్నొచ్చింది, సర్కారు ఖజానాకు కల్లూ ఒక దిక్కయింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో సడలింపు. 2004లో హైదరాబాద్‌లో కల్లు దుకాణాలు మూశారు, 2014లో తెరిచారు. 2021 నుంచి మద్యం దుకాణాల్లో గౌడులకు 15 శాతం కేటాయించారు. వీటన్నిటినీ ఒక వరుసలో పేర్చి ఇది ముందడుగు, ఇది వెనకడుగు అని చెప్పడం నావల్ల కాదు. సారా వద్దని కొట్లాడిన ఆడవాళ్ల పక్షాన నేను నిలబడతాను, గీత కార్మికుడి బతుకూ నాకు కావాలి.

ఇప్పుడు నీళ్ల ఒడ్డు మళ్లీ ఖరీదైంది. హైదరాబాద్ దుర్గం చెరువు చుట్టూ, 2020లో తీగల వంతెన వచ్చాక, దీపాల కాంతి నీళ్ల మీద పడుతుంటే కాక్‌టెయిల్ గ్లాసుతో కూర్చునే కుర్రకారు పెరిగింది. ఒక సాయంత్రం నేనూ వెళ్లాను. గాలి బాగుంది, గ్లాసు అంచున నిమ్మచెక్క అందంగా ఉంది, వడ్డించిన పిల్లవాడు మర్యాదస్తుడు. అందులో పోసిన సరుకు ఎవరి చేతిదో అతనికీ తెలియదు, నాకూ తెలియదు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున నెక్లెస్ రోడ్డులో 2023 మేలో నీరా కేఫ్ మొదలైంది. అక్కడ మాత్రం తాగేది ఏ చెట్టుదో చెప్పగలరు. పొద్దు పొడవకముందే దించి చల్లగా ఉంచకపోతే నీరా పులిసి కల్లవుతుంది. ఆ గ్లాసు వెనక తెల్లవారుజామున చెట్టెక్కిన మనిషి ఉన్నాడు. నాకు అది చాలా నచ్చింది.

సిద్దిపేట కోమటి చెరువు కట్ట సాయంత్రమైతే కుటుంబాలతో నిండిపోతుంది. అది అలాగే పిల్లలకూ నడకకూ ఉండాలి. నా ఆశ హుస్నాబాద్ ఎల్లమ్మ చెరువు మీద. ఎల్లమ్మ గౌడుల ఇలవేల్పు. ఆమెకు కల్లు సాక పోయకుండా పండుగ జరగదు. అక్కడి చెరువూ గుడీ పాపన్న కట్టించినవేనని స్థానికులు చెబుతారు. ఆ చెరువును పర్యాటక స్థలంగా తీర్చిదిద్దే మాట నడుస్తోంది. పడవలతో, దీపాలతో పాటు అక్కడ ఒక మండువకూ చోటివ్వాలి. కల్తీ లేని ఈతకల్లు, పొద్దున్నే దించిన నీరా, తాటాకు దొప్పలు, గుడాలు. అమ్మేది గీసినవాళ్లే అయి ఉండాలి. చెట్టు మీంచి జారిపడకుండా కాపాడే కాటమయ్య రక్షణ కవచం కిట్లను ప్రభుత్వం 2024లో పంపిణీ మొదలుపెట్టింది. ఆ కిట్టు కట్టుకొని చెట్టెక్కిన గౌడన్న, దిగివచ్చి అక్కడే తన సరుకు తానే పోయాలి.