పొటోసీ బాటలో కంచరగాడిదలు

1545వ సంవత్సరమున నేటి బొలీవియాలోని పొటోసీ కొండయందు వెండిగనులు బయల్పడిన పిమ్మట, సముద్రమట్టమునకు 13,000 అడుగుల ఎత్తున, పైరుపచ్చలకు చోటులేని ఆ చలిభూమిపై ఒక మహానగరము కొలది దశాబ్దములలోనే వెలసెను. తినుటకు ధాన్యము, కట్టుటకు గుడ్డ, గనులలో వెలిగించుటకు క్రొవ్వువత్తులు, ఖనిజమునుండి వెండిని వేరుచేయుటకు పాదరసము, సర్వమును అచ్చటికి మోసికొనిపోవలసినదే. ఇన్కా ప్రభువులనాటి రాతిబాటలు ఉండెను గాని, అవి కాలినడకకును లామాలకును ఏర్పడినవి. లామా మోయగల బరువు ముప్పది కిలోలకు మించదు. అందుచేత స్పెయిన్‌వారు కంచరగాడిదను ఆశ్రయించిరి. గుర్రమునకును గాడిదకును పుట్టిన ఈ జంతువునకు సంతానము లేదు గనుక, ఒకటి పడిపోయినచో దాని స్థానమునకు మరియొకటి వచ్చుటకై ఎక్కడనో గుర్రపుమందలు ఉండితీరవలెను. అవి బ్యూనస్ ఐరిస్ చుట్టును వ్యాపించిన పంపా గడ్డిమైదానములలో ఉండెను.

బ్యూనస్ ఐరిస్ రేవునుండి కార్డోబా, టుకుమాన్, సాల్టాలమీదుగ పొటోసీకిని, ఆపైన కూస్కో, లీమాలకును సాగిన సుమారు 3,000 మైళ్ల త్రోవపై తొందరపాటువలన లాభము పొందినవాడు లేడు. రెండేండ్ల ప్రాయపు కంచరగాడిద పిల్లలను మైదానమున కొని, కార్డోబాకు తోలుకొనిపోయి, అచ్చటి బీళ్లలో ఏడాదికిపైగ మేపి, పిదప సాల్టాకు నడిపించి, మరల కొన్నినెలలు విశ్రాంతినిచ్చినగాని వానిని కొండ యెక్కించుటకు వీలులేకపోయెను. సాల్టా చెంతనున్న లేర్మా లోయలో ఏటేట ఫిబ్రవరి, మార్చి నెలలయందు సంత కూడెడిది. పెరూ వర్తకులు నెలలకొలది ప్రయాణముచేసి అచ్చటికి వచ్చుచుండిరి. మెడలో గంటకట్టిన ఆడుగుర్ర మొకటి ముందు నడచుచుండగా, పగ్గమన్నది లేకయే, కంచరగాడిదల మంద ఆ గంటచప్పుడును విడువక వెంటబోయెడిది.

తపాలా మజిలీలను పరిశీలించుటకు 1771లో నియుక్తుడైన ఆలోన్సో కర్రియో దె లా వందేరా ఈ మార్గమంతయు తిరిగి, గ్రుడ్డిబాటసారులకు త్రోవచూపునట్టిదను అర్థముగల పేరుతో ఒక గ్రంథము రచించి, లీమాలో రహస్యముగ అచ్చువేయించి, ముద్రణస్థలము స్పెయిన్‌లోని హిహోన్ అనియు, కర్త తన వ్రాయసకాడనియు ప్రకటించెను. లేర్మా సంతకు చేరు కంచరగాడిదలు 60,000 అని ఆయన చెప్పినమాట నన్ను చిరకాలము ఆశ్చర్యపరచినది. కాని అంతకంటె మనోహరమైనది ఆయన టుకుమాన్ బండ్లను వర్ణించిన భాగము. మనిషి యెత్తును మించిన రెండు చక్రములు, ఇనుపముక్క యొక్కటియు లేని కొయ్యపని, పైన పచ్చితోలు గూడు, కాడికి నాలుగెడ్లు. గూటికప్పునుండి తూగుచు వ్రేలాడు పొడవైన ములుకోలతో ముందటి జతను, చేతిలోని పొట్టిములుకోలతో వెనుకటి జతను అదలించుచు బండివాడు లోపలనే కూర్చుండును. ఎండ ముదిరిన వెంటనే ఎడ్లను విప్పి, సాయంకాలమువరకు మేపి, చల్లబడిన పిదప మరల బండ్లు కట్టుదురు. నేల స్వభావము, నీటి రుచి, గ్రామమునకు గ్రామమునకు మారు మాటతీరు, ఇవి యన్నియు అట్టి నడకలో మనసుకు పట్టును. కర్రియో పుటలు నేటికిని ఎండిపోక నిలుచుటకు ఇదియే హేతువని నా నమ్మకము.

అయినను ఆయన కంటికి ఒక విషయములోని అన్యాయము కానరాలేదు. కొఱ్ఱెహిదోరులను జిల్లా అధికారులు ఈ జంతువులనే అధికధరకు, అక్కర యున్నను లేకున్నను, ఆదివాసులైన ఇండియన్ రైతులకు బలవంతముగ అంటగట్టి, అప్పు రాబట్టుచుండిరి. పూర్వము తానును ఆ యుద్యోగము చేసిన కర్రియో దానిని సమర్థించెను. నెలలతరబడి ఆ రైతుల నడుమ నడచినవాడు వారి ఋణభారమును న్యాయమని తలంచుట నాకు మిక్కిలి బాధాకరముగ నున్నది. అదే బాటపై మరియొకడు నడచెను. టింటా మండలమున కురాక, అనగా ఇండియన్ నాయకుడు, అయిన హోసే గాబ్రియేల్ కొండోర్కాంకి వందలకొలది కంచరగాడిదలతో సరకు రవాణా చేసినవాడు. ప్రతి మజిలీలోను జనుల మొర వినినవాడు. 1780 నవంబరు 4న ఆతడు తన మండలపు కొఱ్ఱెహిదోరును పట్టి బంధించి, టూపాక్ అమారు అను పేరుతో తిరుగుబాటు లేవదీసెను. ఆ వార్త కూస్కోనుండి దక్షిణముగ వ్యాపించినది బిడారుల త్రోవలవెంటనే. 1781 మే 18న కూస్కో నడివీథిలో ఆతనిని క్రూరముగ చంపిరి గాని, బలవంతపు అమ్మకములను ప్రభుత్వము రద్దుచేయక తప్పినదికాదు.

తరువాతి స్వాతంత్ర్య యుద్ధములలో ఈ బాటలోని ఉమవాకా లోయ మాటిమాటికి సైన్యముల పాలయ్యెను. 1876లో టుకుమానుకును, 1891లో సాల్టాకును రైలు రాగా, ఎత్తుచక్రముల బండ్లకు పనిలేకపోయెను. ఎగువభూములలో మాత్రము కంచరగాడిదలు చాలకాలము నడచినవి. సరిహద్దునగల లా కియాకాలో నేటికిని ఏటేట అక్టోబరునందు కుండలసంత జరుగును. అర్జెంటీనా, బొలీవియా ఎగువపల్లెల జనులు కుండలను, ఉన్నిని, దినుసులను అచ్చట మారకము చేసికొందురు.