'మస్టాంగ్': ఒక మాట వెనుక ఆస్తి చరిత్ర

అమెరికా పశ్చిమ మైదానాల్లో తిరిగే అడవి గుర్రాన్ని 'మస్టాంగ్' అంటారు. నవలలూ, హాలీవుడ్ చిత్రాలూ దాన్ని స్వేచ్ఛకు ప్రతీకగా నిలబెట్టాయి. 1964లో ఫోర్డ్ కంపెనీ ఆ పేరుతో కారునే అమ్మకానికి పెట్టింది. అయితే ఈ మాట మూలం వెదికితే మనకు ఎదురయ్యేది ఆస్తిహక్కు అని నా వాదన.

దీనికి మూలం స్పానిష్ భాషలోని 'మెస్తెన్యో'. అది 'మెస్తా' నుంచి వచ్చింది. స్పెయిన్‌లోని కాస్తీల్ రాజ్యంలో గొర్రెల మందల యజమానుల సంఘం పేరు మెస్తా. పదవ అల్ఫోన్సో రాజు 1273లో దానికి ప్రత్యేక హక్కులిచ్చాడు. మందలు కలిసిన చోట ఎవరివో తేలని జీవాలు మిగిలేవి. లాటిన్‌లో 'మిక్స్తా' అంటే కలిసిపోయినవి. అలా తప్పిపోయిన జీవం దొరికినవాడికి దక్కేది కాదు, సంఘానికి చెందేది. అదే మెస్తెన్యో.

గుర్రం జాతి పుట్టింది ఉత్తర అమెరికాలోనే. అక్కడ సుమారు 10,000 ఏళ్ల క్రితం అది నశించింది. మళ్లీ స్పానిష్ ఓడల్లో వచ్చింది. 1519లో కోర్తెస్ మెక్సికోకు తెచ్చినవి 16 గుర్రాలు. తర్వాతి కాలంలో తప్పించుకున్న గుర్రాలు మందలుగా పెరిగాయి. గొర్రెకు పెట్టిన పేరు గుర్రానికి సంక్రమించింది. పేరుతోపాటు చట్టమూ సముద్రం దాటింది. 1778లో టెక్సాస్‌లో స్పానిష్ అధికారులు ముద్రలేని పశువులన్నీ రాజుగారివేనని ప్రకటించి, పట్టుకున్నవారి మీద పన్ను వేశారు.

మరి ఆ నేలమీది ఆదివాసుల సంగతి? కొమాంచీలు గుర్రాన్ని మచ్చిక చేసి తమ వేటనూ, యుద్ధాన్నీ, వర్తకాన్నీ దాని చుట్టూ నిర్మించుకున్నారు. వారి గుర్రాలకు యజమానులున్నారు. అయినా 1874లో పాలో డ్యూరో లోయలో కొమాంచీల నుంచీ, ఇతర తెగల నుంచీ పట్టుకున్న గుర్రాల్లో వెయ్యికి పైగా అమెరికా సైన్యం కాల్చి చంపింది. ఆ మరుసటి ఏడు కొమాంచీల చివరి దండు లొంగిపోయింది. ముద్రలేని గుర్రం మీద కూడా రాజుకు హక్కు పుట్టించిన వలసపాలన తర్కమే, ఆదివాసి పెంచుకున్న గుర్రం మీద అతనికి హక్కు లేకుండా చేసింది.

అడవి గుర్రాల రక్షణకు అమెరికా 1971లో చట్టం చేసింది. అందులో వాటి నిర్వచనం ముద్రలేనివి, హక్కుదారు లేనివి అనే. ఏడు వందల ఏళ్ల తర్వాత కూడా మెస్తెన్యో అర్థం చెక్కుచెదరలేదు. పరుగెత్తే గుర్రాన్ని స్వేచ్ఛకు ప్రతీకగా వాడే కవి, ఆ గుర్రానికి పేరుపెట్టింది మందల యజమానులేనన్న సంగతి గుర్తుంచుకోవాలి.