కానుక పెట్టెలో ఏం పెట్టాలి?

ఛత్తీస్‌గఢ్‌లో రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్లే రహదారి మీద, సిల్తరా ఇనుము కర్మాగారాలు దాటగానే ధర్సీవా వస్తుంది. చలికాలం ఈ ప్రాంతంలో దానధర్మాల కాలం. డిసెంబరు 18న గురు ఘాసీదాస్ అనుచరులైన సత్‌నామీలు ఆయన జయంతి చేసుకుని, జైత్‌ఖామ్ స్తంభాల మీద తెల్ల జెండా మారుస్తారు. వారం తిరిగేసరికి క్రిస్మస్. పుష్య పౌర్ణమికి ఛేర్‌ఛేరా. ఆ రోజు పిల్లలు సంచులు పట్టుకుని గడపగడపకూ వెళ్లి కొత్త ధాన్యం అడుగుతారు. ఏ ఇంటివాళ్లూ కాదనరు.

ఈ మూడింటిలో క్రిస్మస్ ఒక్కటే సముద్రం దాటి వచ్చింది. పేద పిల్లల కోసం కానుక పెట్టెలు సర్దే అలవాటు కూడా దాని వెంటే వచ్చింది.

కరవు తెచ్చిన ఓడలు

1868లో ఆస్కార్ లోర్ అనే జర్మన్ మిషనరీ రాయ్‌పూర్ చేరాడు. అంతకుముందు రాంచీ వైపు గాస్నర్ మిషన్‌లో పనిచేసి, 1857 తిరుగుబాటు రోజుల్లో అమెరికా వెళ్లిపోయిన మనిషి. ఈసారి అక్కడి జర్మన్ ఇవాంజెలికల్ సొసైటీ తరఫున తిరిగొచ్చాడు. రాయ్‌పూర్‌కు ఉత్తరాన 1,500 ఎకరాలకు పైగా బీడు భూమి కొని బిస్రాంపూర్ అనే ఊరు కట్టాడు. అతని పని ఎక్కువగా సత్‌నామీల మధ్యే సాగింది.

తర్వాత 1897లో ఒకసారి, 1900లో మరోసారి ఘోరమైన కరవులు వచ్చాయి. 1897లో ‘సిటీ ఆఫ్ ఎవరెట్’ ఓడ శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి కలకత్తాకూ, 1900లో ‘క్విటో’ న్యూయార్క్ నుంచి బొంబాయికీ విరాళాల ధాన్యం మోసుకొచ్చాయి. రెండింట్లోనూ ప్రధానంగా ఉన్నది మొక్కజొన్న. అమెరికా రైతు ఇంట పండింది అదే, ఇచ్చిందీ అదే. 1897లో జార్జ్ లాంబర్ట్ అనే మెనోనైట్ శాఖ క్రైస్తవుడు కరవు ప్రాంతాలు తిరిగి చూసి, మరుసటి ఏడాది పుస్తకం రాశాడు. 1899లో రెస్లర్, ఆయనతో పాటు పేజ్ దంపతులు ధమ్‌తరీలో అమెరికన్ మెనోనైట్ మిషన్ మొదలుపెట్టారు. కరవులో తల్లిదండ్రులు పోయిన పిల్లలను చేరదీయడం వాళ్ల తొలి పనుల్లో ఒకటి.

దూరదేశపు బడిపిల్లలకూ ఇక్కడి అనాథ పిల్లలకూ ముడిపడింది ఇలాంటి చోట్లే. మెనోనైట్లు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ ముడికి ఒక రూపం ఇచ్చారు. దానికి వాళ్లు పెట్టిన పేరు ‘క్రిస్మస్ బండిల్’. అట్టపెట్టె లేదు. ఒక కొత్త తువ్వాలు పరిచి, మధ్యలో చొక్కా, మేజోళ్లు, సబ్బు, పళ్ల బ్రష్షు, చిన్న బొమ్మ పెట్టి, నాలుగు వైపులా మడిచి పెద్ద పిన్నీసులతో బిగించేవారు. విప్పాక తువ్వాలూ పనికొస్తుంది, పిన్నీసూ పనికొస్తుంది. పారేసేది ఏమీ ఉండదు. అదే ఆలోచన నుంచి తర్వాత బడి సంచులు వచ్చాయి: దారం లాగితే మూతి మూసుకునే గుడ్డసంచిలో నాలుగు నోటు పుస్తకాలు, ఎనిమిది పెన్సిళ్లు, పన్నెండు రంగు పెన్సిళ్లు, స్కేలు, రబ్బరు.

ఎవరికి ఏది

తీసుకునేవారెవరో తెలిసి సర్దిన పెట్టె ఎలా ఉంటుందో 1914 క్రిస్మస్ చూపిస్తుంది. బ్రిటన్ రాకుమారి మేరీ పేరిట సైనికులకు ఇత్తడి డబ్బాలు పంచినప్పుడు పొగతాగే వారికి పొగాకు, సిగరెట్లు. తాగని వారికి రాసుకునే కాగితాలు, పెన్సిలు. సిక్కు సైనికులకు పొగాకు పెట్టలేదు. వాళ్ల డబ్బాలో కలకండ, చిన్న డబ్బీలో మసాలా దినుసులు. యుద్ధం నడుస్తుండగా సర్దిన కానుక అది, అయినా ఎవరి నోటికి ఏది పనికొస్తుందో ఎవరో కూర్చుని ఆలోచించారు.

ఇప్పుడు ప్రపంచమంతా తిరుగుతున్న చెప్పుల పెట్టె కానుకల కథ 1990లో వేల్స్‌లోని రెక్స్‌హామ్‌లో మొదలైంది. రుమేనియా అనాథాశ్రమాల దృశ్యాలు టీవీలో చూసిన డేవ్ కుక్, ఊరివాళ్లను కూడగట్టి లారీల్లో కానుకలు తీసుకెళ్లాడు. 1993 నుంచి ఫ్రాంక్లిన్ గ్రాహం నడిపే సమారిటన్స్ పర్స్ సంస్థ దాన్ని ‘ఆపరేషన్ క్రిస్మస్ చైల్డ్’ పేరుతో చేపట్టింది. సంస్థ లెక్క ప్రకారం ఇప్పటికి 20 కోట్లకు పైగా పెట్టెలు వెళ్లాయి. పెట్టె మీద ఆడపిల్లకా మగపిల్లాడికా అన్నది, వయసు 2–4, 5–9, 10–14లో ఏదన్నది గుర్తుపెడతారు. తినుబండారాలు, ద్రవాలు, తుపాకీ బొమ్మలు పెట్టనివ్వరు.

ఇంత పకడ్బందీగా నడిచే పనికి విమర్శలూ గట్టిగానే ఉన్నాయి. పెట్టె అందుకున్న పిల్లల కోసం పన్నెండు పాఠాల బైబిలు తరగతులు నడుపుతారు కాబట్టి ఇది కానుకా, ప్రచారమా అని అడిగేవారున్నారు. అంత దూరం మోసుకొచ్చే బదులు ఆ డబ్బుతో పక్క బజారులోనే కొనొచ్చు కదా అన్నది మరో ప్రశ్న.

రాయ్‌పూర్‌లో కానుకకు చట్టం

కానుకా, ప్రచారమా అన్న మొదటి ప్రశ్న ధర్సీవా చుట్టుపక్కల పుస్తకాల్లో ఉండిపోలేదు. ఈ ప్రాంతం అప్పట్లో భాగంగా ఉన్న మధ్యప్రదేశ్ 1968లో తెచ్చిన మత స్వేచ్ఛ చట్టం బలవంతం, మోసం, ప్రలోభం ద్వారా జరిగే మతమార్పిడిని నేరం చేసింది. ప్రలోభానికి అది ఇచ్చిన నిర్వచనంలో డబ్బు రూపంలోగానీ వస్తు రూపంలోగానీ ఇచ్చే కానుక ఉంది. అందులో శిక్ష ఏడాది దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మారింది మైనరైతే ఆ పరిమితి రెండేళ్లు, 10,000 రూపాయలు. ఆ చట్టాన్ని సవాలు చేస్తూ సుప్రీంకోర్టు దాకా వెళ్లిన రెవరెండ్ స్టానిస్లాస్ కేసు అప్పటి రాయ్‌పూర్ జిల్లాదే. విచారణకు అనుమతి ఇచ్చింది బలోదాబజార్ సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్. 1977 జనవరి 17న ప్రధాన న్యాయమూర్తి ఎ.ఎన్.రే నాయకత్వంలోని ధర్మాసనం చట్టాన్ని సమర్థించింది. మత ప్రచార హక్కు అంటే ఎదుటివాణ్ణి మార్చే హక్కు కాదని తేల్చింది.

పిల్లవాడికి పెన్సిలు ఇవ్వడం ఆ చట్టం కింద నేరం కాదు. ఆ పెన్సిలును మతం మార్చే ఎరగా వాడడమే నేరం. ఇక్కడ పెట్టె సర్దే సంఘాలకు ఈ తేడా ప్రాణవాయువు లాంటిది.

పిడికెడు బియ్యం నుంచి

మన తెలుగువాళ్ల దగ్గర ఈ కథ మరో దారి పట్టింది. బయటి నుంచి వచ్చే సాయం మీద బతకొద్దని పట్టుబట్టిన వారిలో వి.ఎస్.అజరయ్య ముందుంటారు. 1912లో దోర్నకల్ బిషప్ అయిన ఆయన కాలంలో, ఆ ప్రాంతపు స్త్రీలు వండేముందు ఒక పిడికెడు బియ్యం పక్కన తీసి, ఆదివారం గుడికి తెచ్చేవారు. ఇచ్చేవాళ్లంతా కూలీనాలీ చేసుకునేవాళ్లే. ఇవ్వడానికి కలిగినవాళ్లై ఉండాలన్న లెక్క అక్కడ చెల్లలేదు.

వందేళ్ల తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే చంద్రన్న క్రిస్మస్ కానుకను చౌకదుకాణంలో పెట్టింది. అందులో గోధుమపిండి, కందిపప్పు, సెనగపప్పు, బెల్లం, నూనె, నెయ్యి. రాజకీయం సంగతి ఎలా ఉన్నా, ఆ సంచీ సర్దినవాడికి పండగ పూట తెలుగు వంటింట్లో పొయ్యి మీద ఏం ఉంటుందో తెలుసు.

రాయ్‌పూర్, బిలాస్‌పూర్‌లలో రైల్వే ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. 1931లో విజయనగరం లైను రాయ్‌పూర్‌తో కలిశాక ఆ రాకపోకలు మరీ తేలికయ్యాయి. సెమీ క్రిస్మస్ జరిపే తెలుగు సంఘం ఏదైనా ధర్సీవా పిల్లలకు పెట్టెలు సర్దాలనుకుంటే, నూటపాతికేళ్ల అనుభవం ముందే ఉంది. మొదట అంగన్‌వాడీ కార్యకర్తనో బడి పంతులునో అడగాలి: ఏ తరగతి వాళ్లు, చెప్పుల సైజెంత, చలికి స్వెట్టర్ ఎవరికి లేదు. సరుకు ధర్సీవా బజారులోనే కొనాలి. ఒకే బడిలో ఒకడికి బ్యాటు, ఒకడికి రబ్బరు రాకుండా చూడాలి. కరపత్రం వద్దు, పిల్లలను వరసలో నిలబెట్టి ఫొటో వద్దు. పంచేది గుడి ముందు కాకుండా బడిలో, అన్ని మతాల పిల్లలకూ అయితే మంచిది.

ఇందులో కొత్తగా నేర్పేదేమీ లేదని ఛేర్‌ఛేరా చూసినవాళ్లు అంటారు. ఆ పండగలో సంచి పట్టుకొచ్చిన పిల్లవాడిని నీ కులమేది, నీ దేవుడెవరు అని అడగరు, ధాన్యం పోస్తారు. క్రిస్మస్ పెట్టె ఈ గడ్డ మీద నిలబడాలంటే నేర్చుకోవాల్సిన మర్యాద అదే. మూత మీద పిల్లల వయసూ చెప్పుల సైజూ రాస్తే చాలు, ఇచ్చినవారి పేరుతో వాళ్లకు పనిలేదు.